ఇంటి నుంచి చేసే వ్యాపారానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: వాడి చూశాక

ఇంట్లో కుట్టుపని చేసుకునే నాకు కొత్త కస్టమర్లు ఎక్కడి నుంచి వస్తారన్నదే పెద్ద టెన్షన్. యాడ్స్‌కి డబ్బు పెట్టే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి, గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మన వ్యాపారం వివరాలు కనిపించేలా చేసే పేజీ ఇది, పూర్తిగా ఉచితం. పాత పేరు గూగుల్ మై బిజినెస్, 2021లో పేరు మార్చారు.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఇంటి అడ్రస్ అందరికీ కనిపించకుండా దాచేసి, మనం ఏయే ఏరియాలకు పని చేస్తామో మాత్రం చూపించొచ్చు, అలాంటివి 20 దాకా పెట్టుకోవచ్చు, ఒంటరిగా పని చేసుకునే ఆడవాళ్లకి ఇది ఎంత ధైర్యమో చెప్పలేను. కాకపోతే కస్టమర్‌ని ఎప్పుడూ నేరుగా కలవకుండా అంతా ఆన్‌లైన్‌లోనే నడిపే వాళ్లకి ఇది వర్తించదు. వ్యాపారం నిజంగా మనదేనని గూగుల్ చేసే వెరిఫికేషన్‌కి ఒక్కోసారి వీడియో తీసి పంపమంటారు, కాస్త ఓపిక పట్టాలి.

అసలు పని ఆ తర్వాతే ఉంది. పని అయిపోయిన రోజే కస్టమర్‌కి రివ్యూ లింక్ పంపండి, వారం ఆగితే మర్చిపోతారు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామని మాత్రం అనకండి, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. చెడ్డ రివ్యూకి కూడా మర్యాదగా జవాబివ్వండి, కొత్తగా వచ్చేవాళ్లు దాన్నే ముందు చదువుతారు. ఫోటోలు మీరు చేసిన పనివే పెట్టండి, నెట్‌లో దొరికినవి వద్దు.

ఎంతమంది కాల్ బటన్ నొక్కారో, ఏ మాటలతో వెతికారో కూడా ఈ ప్రొఫైల్ మనకి చూపిస్తుంది. ఆ మాటల్నే నేను సర్వీసుల వివరాల్లో రాసుకుంటున్నాను.