జాగ్రత్త: "వుల్ఫ్‌షెన్" సీప్లేన్ వ్యాక్యూఫామ్ కిట్ పేరుతో నకిలీ అమ్ముతున్నారు

పాత సీప్లేన్ (నీళ్ల మీద దిగే విమానం) నమూనాలు ఇంట్లో అతికించి చేసుకునే కిట్ల కోసం ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లు ఇది చదివాకే పైసలు పంపండి. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ అనే జర్మన్ కంపెనీ విమానం ఎఫ్ఎఫ్ 33ఇ, అదే వుల్ఫ్‌షెన్, 1/72 (అసలు విమానంలో 72వ వంతు సైజు) వ్యాక్యూఫామ్ కిట్, అంటే భాగాలన్నీ ప్లాస్టిక్ షీటు మీద అచ్చుగా వచ్చే కిట్, "ఒరిజినల్, పాత స్టాక్, ఒక్కటే మిగిలింది" అని ఒకతను అమ్ముతున్నాడు. నాకు పంపింది ఒరిజినల్ కాదు. అసలు అది ఎఫ్ఎఫ్ 33ఇ కూడా కాదు. 4,800 రూపాయలు ముందే యూపీఐలో వేయించుకున్నాడు. పార్సిల్ హన్మకొండకు వచ్చి నేను ఫొటోలు పెట్టి అడిగేదాకా "సార్ సార్" అన్నాడు, అడిగాక ఫోన్ ఎత్తడం మానేశాడు, ఇప్పుడు బ్లాక్ చేశాడు.

ఈ విమానం పేరు చెప్తే మనలాంటోళ్లు ఎందుకు ఆగలేరో అతనికి బాగా తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో వోల్ఫ్ అనే జర్మన్ నౌక మామూలు సరుకు ఓడలాగా వేషం మార్చుకొని 1916 నవంబరు 30న కీల్ రేవు నుంచి బయలుదేరింది. కెప్టెన్ కార్ల్ ఆగస్ట్ నెర్గర్. 1917 ఫిబ్రవరిలో కొలంబో దగ్గర, మన బొంబాయి దగ్గర సముద్రంలో మైన్లు (ఓడ తగిలితే పేలే బాంబులు) వదిలిపోయింది, ఆ బొంబాయి మైన్లలో ఒకటి తగిలే పి అండ్ ఓ కంపెనీ ఓడ మంగోలియా అదే ఏడాది జూన్ 23న మునిగింది. ఆ వోల్ఫ్ మీద ఉన్న చిన్న సీప్లేనే వుల్ఫ్‌షెన్. రెండు సీట్లు, 150 హార్స్‌పవర్ బెంజ్ ఇంజను. విప్పి ఓడలో దాచేవాళ్లు, అవసరం పడ్డప్పుడు బిగించి నీళ్ల మీదికి దించేవాళ్లు. పసిఫిక్‌లో వైరునా అనే ఓడ ముందర బాంబు వేసి దాన్ని ఆపించింది ఇదే. మన తీరం దాకా వచ్చిపోయిన ఓడ మీది విమానం అంటే ఎవరికైనా చేయాలనిపిస్తది. ప్లాస్టిక్ కిట్లలో ఇది దుకాణంలో దొరికే సరుకు కాదు కాబట్టి వ్యాక్యూఫామ్ అని కనపడగానే చెయ్యి ఫోన్ మీదికి పోతది.

ఇక పార్సిల్ సంగతి.

ముందు స్కేలు పెట్టి కొలిచాను. ఎఫ్ఎఫ్ 33ఇ రెక్క పొడవు 16.75 మీటర్లు, అంటే 1/72లో దాదాపు 23.3 సెంటీమీటర్లు రావాలి. షీటు మీదున్న పైరెక్క 18.7 సెంటీమీటర్లు. ఇదేంది, స్కేలు తప్పా అనుకొని పుస్తకం తీసి చూస్తే అసలు విషయం తేలింది. అదే ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ తర్వాత చేసిన ఎఫ్ఎఫ్ 33ఎల్ చిన్న విమానం, దాని రెక్క 13.3 మీటర్లు, 1/72లో 18.5 సెంటీమీటర్లు. అంటే ఎవరిదో ఎఫ్ఎఫ్ 33ఎల్ కిట్ తీసుకొని, వుల్ఫ్‌షెన్ బొమ్మ పెట్టి, వుల్ఫ్‌షెన్ పేరుతో అమ్ముతున్నాడన్నమాట.

మరి ఆ ఎక్కువున్న రెండు మిల్లీమీటర్లు ఎక్కడివి? నకిలీ అనడానికి నాకు దొరికిన గట్టి ఆధారం అదే. వ్యాక్యూఫామ్‌లో ప్లాస్టిక్ షీటును వేడి చేసి, మెత్తబడ్డాక అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేస్తారు, షీటు అచ్చుకు అతుక్కుపోతది. ఎవరైనా వేరేవాళ్ల కిట్ భాగాన్నే అచ్చుగా పెట్టి దాని మీద ఇంకో షీటు లాగితే, కొత్త భాగం ఆ షీటు మందం అంత లావవుతది. ఈ చివర ఒక మిల్లీమీటరు, ఆ చివర ఒక మిల్లీమీటరు. పైగా మూల భాగం మీదున్న సన్నటి గీతలు, రెక్క మీది పక్కటెముకల గుర్తులు అన్నీ మొద్దుబారిపోతాయి. నాకొచ్చిన షీటు మీద పక్కటెముకలు వేలితో తడిమితే తెలుస్తున్నాయి గానీ కంటికి సరిగ్గా ఆనట్లేదు.

తర్వాత ఫ్లోట్లు, అంటే విమానం నీళ్ల మీద తేలడానికి కింద ఉండే పడవల్లాంటి భాగాలు. సీప్లేన్ వ్యాక్యూఫామ్‌లో అన్నింటికన్నా కష్టమైన భాగం ఇదే, ఎందుకంటే లోతు ఎక్కువ, షీటు ఎక్కువ సాగాలి, సాగిన చోట పలచబడుతది. మంచి కిట్లో కూడా ఫ్లోటు అడుగు కొంచెం పలచగానే ఉంటది, అది తప్పు కాదు. కానీ దీన్ని ట్యూబ్‌లైటు కింద పట్టుకొని చూస్తే అడుగు అంచు పొడవునా వెలుగు అవతలికి కనపడుతోంది, బొటనవేలితో కొంచెం నొక్కితే లోపలికి పోయి అట్లనే ఉండిపోయింది. కింద వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) పెట్టి అంచు రుద్దితే పొడి రాలే బదులు జిగురుగా మెత్తబడి కాగితానికి అంటుకుంది. అప్పుడే ప్లాస్టిక్ మీద అనుమానం వచ్చింది.

మన పని మొత్తం పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తోనే కదా. భాగం చుట్టూ పెన్సిల్‌తో గీసి, కత్తితో ఒకటి రెండు గీతలు పెట్టి వంచితే టక్కున విరుగుతది, తెల్లటి శుభ్రమైన అంచు వస్తది. ఇది విరగలేదు. వంగింది, వంగిన చోట తెల్లబడింది. పాలీస్టైరీన్‌ను అతికించే జిగురు, అదే స్టైరీన్ సిమెంట్, పెట్టి ఆరనిచ్చి లాగితే రెండు ముక్కలు విడివిడిగా చేతికి వచ్చాయి. మిఠాయి డబ్బాలో లడ్డూల కింద పెట్టే ట్రే లాంటి పీవీసీ అది. ఆ ప్లాస్టిక్ మీద ఎంత పుట్టీ పెట్టినా, ఎంత రుద్దినా కిట్ అనేది కాదు.

ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఒకటి చెప్తా, ఎవరికైనా పనికొస్తది. షీటు మూల నుంచి, భాగం కాని చోట నుంచి, చిన్న ముక్క కత్తిరించండి. గ్లాసు నీళ్లలో ఉప్పు ఇక కరగదు అనేదాకా వేసి కలపండి. ముక్కను సబ్బు వేలితో రుద్ది బుడగలు లేకుండా చేసి అందులో వేయండి. పాలీస్టైరీన్ మామూలు నీళ్లలో మునుగుతది కానీ ఉప్పునీళ్లలో తేలుతది, దాని సాంద్రత 1.05 దగ్గర. పీవీసీ 1.4 దగ్గర ఉంటది, ఎంత ఉప్పు వేసినా అడుక్కే పోతది. నా ముక్క గ్లాసు అడుగునే కూర్చుంది. దాన్ని వీడియో తీసి అమ్మినతనికి పంపాను.

అతని జవాబు వినండి. "వ్యాక్యూఫామ్ అంటే ఇట్లనే ఉంటది సార్, ఇంజెక్షన్ కిట్ లాగ ఫిట్టింగ్ రాదు, మీకు అలవాటు లేదేమో." నాకు కోపం వచ్చింది ఈ మాటకే, పైసల కన్నా ఎక్కువ. అవును, ఇంజెక్షన్ కిట్ (దుకాణాల్లో దొరికే మామూలు అచ్చు కిట్) లాగ వ్యాక్యూఫామ్‌లో పిన్నులు ఉండవు, రంధ్రాలు ఉండవు, రెండు సగాలు కలవాలంటే గాజు మీద వాటర్ పేపర్ పరిచి గంటలు రుద్దాలి, స్ట్రట్లు (రెక్కలను పట్టి ఉంచే కడ్డీలు) మనమే చేసుకోవాలి, రెక్క వెనుక అంచు కాగితంలా సన్నగా అయ్యేదాకా గీకాలి. గాలి లాగిన చిల్లుల గుర్తులు చిన్న మొటిమల్లా పైకి తేలి ఉంటాయి, వాటిని కోసేయాలి. అదంతా కష్టమే కానీ మోసం కాదు, ఆ కష్టం తెలిసే కొంటాం. రెక్క కొలత తప్పడం, ప్లాస్టిక్ వేరేది కావడం, వేరే విమానం రావడం మాత్రం వ్యాక్యూఫామ్ లక్షణాలు కావు. కొత్తగా మొదలుపెట్టే పిల్లలు ఆ మాట నమ్మి, తమకే చేతకాదు అనుకొని, హాబీ వదిలేస్తారు. నాకు భయం వాళ్ల గురించే.

డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి విమానం మీద అతికించే గుర్తులు) గురించి కూడా చెప్పాలి. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసినవి, పైన వార్నిష్ లేదు. జర్మన్ విమానాల గుర్తు అయిన ఒక నల్ల క్రాసును నీళ్లలో వేస్తే సిరా ఊదారంగు పొగలాగ కారిపోయింది. ఇంట్లో వాడే మామూలు ఇంక్‌జెట్‌లో తెల్ల సిరా ఉండదు కాబట్టి క్రాసు చుట్టూ ఉండాల్సిన తెల్ల అంచు కూడా లేదు, పారదర్శకంగా వదిలేశాడు. సూచనల కాగితం జిరాక్స్‌కు జిరాక్స్. కిట్ తయారు చేసినవాళ్ల పేరు ఉండే చోట తెల్లగా చెరిపేశారు. ప్రొపెల్లర్, ఇంజను లాంటి లోహపు భాగాలు "ఉన్నాయి" అని ప్రకటనలో రాశాడు, కవర్లో ఒక్కటీ లేదు.

కాబట్టి కొనే ముందు అమ్మేవాళ్లను షీటు మీద స్టీలు స్కేలు పెట్టి రెక్క ఫొటో తీయమనండి, విమానం అసలు కొలతను 72తో భాగించి సరిచూసుకోండి. అంతకంటే సులువైన పరీక్ష లేదు. ఫ్లోటు వెనుక లైటు పెట్టి ఇంకో ఫొటో అడగండి. సాకులు చెప్తే అక్కడితో ఆపేయండి. పార్సిల్ విప్పేటప్పుడు సీలుతో సహా ఒకే వీడియో తీయండి, మధ్యలో ఆపకుండా. నా దగ్గర అది ఉంది కాబట్టే ఇప్పుడు గట్టిగా మాట్లాడగలుగుతున్నా.

పైసలు తీసుకొని అసలు ఏమీ పంపకపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తప్పుడు వస్తువు పంపితే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారంగా అమ్మేవాళ్లు ఏ ఊర్లో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇంత చిన్న మొత్తానికి ఎందుకు అని మా వాళ్లు కూడా అన్నారు. కానీ అతను ఇదే కిట్‌ను ఇంకో పేరుతో మళ్లీ పెట్టాడు, ఆ ప్రకటన నేను చూశాను, ఫొటోలో షీటు మూల మీదున్న గీత కూడా అదే. అందుకే ఫిర్యాదు వేస్తున్నా.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు ఎవరికైనా ఇదే వుల్ఫ్‌షెన్ వచ్చి ఉంటే చెల్లింపు రసీదు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు దాచి ఉంచండి, నాకు చెప్పండి, ఎవరి ఫిర్యాదుకైనా నా వీడియోలు ఇస్తా. హన్మకొండ, కాజీపేటవాళ్లు అనుమానం ఉన్న షీటు ఏదైనా పట్టుకొని రండి, ఉప్పునీళ్ల గ్లాసు, స్కేలు, పాత ప్లాన్లు నా దగ్గర ఉన్నాయి, కూర్చొని చూద్దాం.