టైటాన్‌ఫాల్ 2 డిస్క్ కొనబోతున్నారా? డబ్బులు తీసే ముందు ఇది చదవండి

బెంగళూరులో పీఎస్4 (టీవీకి తగిలించి గేములు ఆడుకునే సోనీ మెషీన్) డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో కొనే మనవాళ్ళందరికీ చెబుతున్నా. ఎవరైనా టైటాన్‌ఫాల్ 2 అనే తుపాకుల గేమ్ మీ చేతిలో పెట్టి "ఇద్దరు కలిసి ఆడుకోవచ్చు, కథ ముప్పై గంటలు వస్తుంది" అంటే నమ్మకండి. రెండూ అబద్ధాలే. ఆ సంగతి నాకు 1,600 రూపాయలు పోయాక తెలిసింది.

దసరా సెలవులకు మా తమ్ముడు అనంతపురం నుంచి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు, ఏడాదికి ఒకటి రెండుసార్లే నా రూముకు రావడం. వాడున్న నాలుగు రోజులూ పక్కపక్కన కూర్చుని ఆడుకునే షూటర్ (కాల్పుల గేమ్) ఒకటి తీసుకుందామని మారతహళ్ళి నుంచి బస్సెక్కి మెజెస్టిక్ దాకా వెళ్ళి, అక్కడో షాపులో అడిగాను. నా యాస వినగానే షాపతను "అన్నా, మాది హిందూపురం" అన్నాడు. ఊరుగాని ఊళ్ళో ఆ మాట వింటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. టైటాన్‌ఫాల్ 2 చేతిలో పెట్టి, పైన రాసిన ఆ రెండు మాటలూ అతనే చెప్పాడు. బిల్లు అడగాలనిపించలేదు. "నచ్చకపోతే తెచ్చెయ్యన్నా, మార్చి ఇస్తా" అంటే ఆ మాటే చాలనుకున్నా.

ఆ రాత్రి అన్నం తిని కూర్చున్నాం. ఇన్‌స్టాల్ అయ్యింది, అప్‌డేట్ దిగింది. తమ్ముడు వాడి పేరుతో లాగిన్ అయ్యాడు, రెండో కంట్రోలర్ ముందు లైటు ఎర్రగా వెలిగింది. మెనూ మొత్తం వెతికాను. ఇద్దరు ఆడే ఆప్షన్ ఎక్కడా లేదు. ఈ గేమ్‌లో స్ప్లిట్ స్క్రీన్, అంటే ఒకే టీవీని పంచుకుని ఇద్దరు ఆడే వీలు, అసలు లేదు. కథ ఒక్కరే ఆడాలి. నలుగురు కలిసి ఆడే ఫ్రాంటియర్ డిఫెన్స్ అనే మోడ్ 2017లో చేర్చారు, కానీ అది ఆన్‌లైన్‌లోనే. అంటే ఇద్దరికీ వేరువేరు పీఎస్4లు, వేరువేరు కాపీలు కావాలి, పైగా ఆన్‌లైన్ ఆటకు సోనీకి కట్టే పీఎస్ ప్లస్ చందా. వాడు ఆ ఎర్ర లైటు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని "పర్లేదులే అన్నా, నువ్వాడు, నేను చూస్తా" అన్నాడు. ఆ మాట దగ్గర నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇక నిడివి. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెడితే, తమ్ముడూ నేనూ మిషన్‌కొకరం (కథలో ఒక్కో ఘట్టం ఒక మిషన్) మార్చుకుంటూ ఆడినా, తెల్లవారుజాము నాలుగు కాకముందే అయిపోయింది. మొత్తం తొమ్మిది మిషన్లు. మొదటిది శిక్షణే. అలవాటున్నవాళ్ళకు ఐదారు గంటల కథ.

అయినా గేమ్‌ను మాత్రం తప్పుపట్టను, అన్యాయం అవుతుంది. 2016 అక్టోబర్ 28న రెస్పాన్ అనే గేమ్ కంపెనీ వాళ్ళ ఈ గేమ్ వచ్చింది. దానికి వారం ముందు బ్యాటిల్‌ఫీల్డ్ 1, వారం తర్వాత కాల్ ఆఫ్ డ్యూటీ కొత్త భాగం. ఆ రెండు పెద్ద పేర్ల మధ్య పడి నలిగిపోయింది గానీ, ఆడుతుంటే చేతికి వచ్చే హాయి ఆ రెండింటిలోనూ నాకు దొరకలేదు. గోడ మీద పరుగెత్తి, గాల్లో ఇంకో గెంతు గెంతి, కిందికి జారుతూ కాల్చడం పది నిమిషాల్లో వేళ్ళకు అలవాటైపోతుంది. ఇళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో జరిగే మిషన్ ఒకటుంది. మనం నిలబడ్డ చోటే గోడలు లేస్తాయి, కప్పులు దిగుతాయి, తయారైన ఇల్లు ఇల్లంతా పక్కకు వాలుతుంది, నేల గోడవుతుంది. దాని తర్వాతి మిషన్ ఇంకా గొప్పది. చేతికి ఒక పరికరం తొడుక్కుంటాం. ఒక బటన్ నొక్కితే శిథిలమైన భవనం, మళ్ళీ నొక్కితే అదే భవనం పాడవక ముందు, దీపాలతో, సైనికులతో. ఎదురుగా దారి మూసుకుపోయి మంటలుంటే కాలం మార్చి దాటాలి. గెంతుతూ గాల్లో ఉండగా మార్చాలి, గోడ ఒక కాలంలో ఉంటే ఇంకోటి రెండో కాలంలో ఉంటుంది. తమ్ముడు ఆ చోట మూడుసార్లు పడి నాలుగోసారి దాటినప్పుడు లేచి నిలబడి అరిచాడు. పక్క రూమువాళ్ళు గోడ మీద కొట్టారు.

కానీ కాలం మార్చే ఆ పరికరం ఆ ఒక్క మిషన్‌తోనే సరి, మళ్ళీ చేతికి రాదు. నా అసలు బాధ అదే. ఒక్కో మిషన్‌లో ఒక్కో కొత్త సంగతి చూపిస్తారు, దాన్ని పూర్తిగా ఆడుకునేలోపే లాగేసుకుంటారు. విలన్లూ అంతే. పేరు, ముఖం, రెండు బెదిరింపులు, ఒక పోరాటం, అయిపోయాడు. హీరో కూపర్‌కూ, అతని రోబో బీటీకీ మధ్య మాటలు బాగుంటాయి, మిగతా కథ మామూలు యుద్ధ కథే. మామూలు డిఫికల్టీలో శత్రువులు తేలిగ్గా పడిపోతారు. ఇలాంటి గేములు అలవాటున్నవాళ్ళు హార్డ్‌లోనే మొదలుపెట్టండి, ఇంకో గంట రెండు గంటలు నిలుస్తుంది.

శనివారం మధ్యాహ్నం డిస్క్ తీసుకుని మళ్ళీ అదే షాపుకు వెళ్ళాను. "వాడిన డిస్క్ కదన్నా, 400 ఇస్తా" అన్నాడు. నిన్నటి మాట గుర్తుచేస్తే "నేనలా అనలేదే" అన్నాడు. ఈసారి తెలుగులో కాదు, కన్నడలో. బిల్లు లేదు కాబట్టి నేను అనడానికేమీ లేదు. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసేవాణ్ణి. ఏం కొన్నాం, ఎప్పుడు కొన్నాం, ఎంతకు కొన్నాం అన్న కాగితం చేతిలో లేకుండా ఏమని చెప్పను?

కాబట్టి మీరు వెళ్ళినప్పుడు డబ్బా వెనక్కి తిప్పండి. ఎంతమంది ఆడొచ్చో అక్కడ చిన్న గుర్తుల్లో ఉంటుంది, ఆన్‌లైన్‌లో ఎంతమంది అన్నది విడిగా ఉంటుంది. ఈ రెండో అంకె చూపించి "చూడండి, ఇద్దరు ఆడొచ్చు" అంటారు, పడిపోకండి. కొన్న రేటు, మార్చుకునే గడువు, వెనక్కిస్తే ఎంత ఇస్తారు, ఈ మూడూ బిల్లు మీదే రాయించుకోండి. పీఎస్5 డిజిటల్ ఎడిషన్ ఉన్నవాళ్ళు విడిగా డిస్క్ డ్రైవ్ తగిలించుకుంటే తప్ప డిస్క్ జోలికే పోవద్దు, దానికదిగా అందులో డిస్క్ పెట్టే చోటు లేదు. "మొదటి భాగం కూడా తెప్పిస్తా, పీఎస్4కే" అని ఎవరైనా అంటే అడ్వాన్స్ ఇవ్వకండి. 2014లో వచ్చిన ఆ మొదటి భాగం పీఎస్4కు రానే లేదు, అందులో విడిగా ఒక్కరు ఆడుకునే కథా లేదు.

టైటాన్‌ఫాల్ 2 ఒక్కరే ఆడాలనుకుంటే తప్పకుండా ఆడండి, అయితే ఆన్‌లైన్ స్టోర్‌లో సేల్ పడేదాకా ఆగండి. ధర బాగా దిగుతుంది. పీసీలో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొంటే ఇంకో వెసులుబాటు ఉంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మొదటి రెండు గంటల్లోనే మీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది.

ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడాలంటే పీఎస్4లో బోర్డర్‌లాండ్స్ హ్యాండ్‌సమ్ కలెక్షన్ ఉంది, రెండు గేములు ఒకే డబ్బాలో, నలుగురి దాకా స్ప్లిట్ స్క్రీన్. కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 3 కథ కూడా ఇద్దరు ఆడొచ్చు. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పీఎస్4 కూడా బ్యాగులో పెట్టుకుని వెళ్తున్నా, బోర్డర్‌లాండ్స్ కొన్నాను, ఈసారి బిల్లుతో.