ముందు ‘చక్కెర కలపలేదు’, వెనుక 965: రెండున్నరేళ్ల ప్రోటీన్ బార్ల అనుభవం

ఉదయం ఐదున్నరకు జిమ్, తొమ్మిదిన్నరకు బ్యాంకు, మధ్యాహ్న భోజనం ఒక్కోరోజు మూడు దాటాకే. రెండున్నరేళ్లుగా నా బ్యాగులో ప్రోటీన్ బార్ లేని పనిరోజు దాదాపు లేదు. అందులో మొదటి ఏడాదిన్నర ఒకే కంపెనీ బార్. 20 గ్రాముల మాంసకృత్తులు, 1 గ్రాము చక్కెర, నిజంగా చాక్లెట్‌లా ఉండే రుచి. జిమ్‌లో అడిగిన వారికీ అడగని వారికీ దాన్నే చెప్పాను. ఆ మాటను ఇప్పుడు సరిదిద్దుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా అమ్మకు పన్నెండేళ్లుగా మధుమేహం. గుంటూరులో మా ఇంట్లో సాయంత్రం టీతో పాటు ఆమెకు ఏదో ఒకటి తినడం అలవాటు. బిస్కెట్ల బదులు ఇది మేలు కదా అని ఒకరోజు నా బార్ విప్పి చేతిలో పెట్టాను. రెండు ముక్కలు నమిలి, “ఇంత తియ్యగా ఉంటే చక్కెర లేదంటావేమిటే?” అంది. ప్యాకెట్టు ముందువైపు ‘చక్కెర కలపలేదు’ అన్న అక్షరాలు చూపించాను. నా మాట మీద నమ్మకంతో మొత్తం తింది.

ఆ సమయానికి మామూలుగా 150 దగ్గర ఉండే ఆమె గ్లూకోమీటర్ రీడింగు, రెండు గంటల తరువాత 198 చూపించింది. రాత్రంతా కడుపు ఉబ్బరం, తెల్లవారేసరికి నాలుగుసార్లు విరేచనాలు. ఆమె వాడే మధుమేహం మందు మెట్‌ఫార్మిన్ వల్ల కూడా కొందరికి కడుపు పాడవుతుంది కాబట్టి తప్పంతా బార్ మీదే వేయకూడదనుకున్నాను. పది రోజుల తరువాత ఆమే పట్టుబట్టి సగం బార్ తింది. కడుపు మళ్లీ అలాగే ఉబ్బింది. ఈసారి రీడింగు 171.

అప్పుడు కూర్చుని ప్యాకెట్టు వెనుకవైపు చదివాను. మొత్తం పిండిపదార్థాలు 23 గ్రాములు. అందులో చక్కెర 1, పీచు 5. మిగిలిన 17 ఏమిటి? పదార్థాల జాబితాలో మూడో స్థానంలో ‘స్వీటెనర్ (965)’ అని ఉంది. 965 అంటే మాల్టిటాల్. చక్కెర తీపిలో దాదాపు తొంభై శాతం తీపి దీనిది. రసాయన పరంగా షుగర్ ఆల్కహాల్ (పాలియాల్ అని కూడా అంటారు) కనుక ‘చక్కెర’ అనే గడిలోకి రాదు. కానీ ఒంట్లో కొంత భాగం జీర్ణమై గ్లూకోజును పెంచుతుంది. జీర్ణం కానిది పెద్దపేగుకు చేరి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గ్యాస్ అవుతుంది. పాలియాల్స్ వల్ల విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక కూడా ప్యాకెట్టు మీద ఉంది, అంచు అతికించిన మడత కింద. అమ్మ నాలుక రెండు ముక్కలకే పట్టుకున్నది నాకు ఏడాదిన్నర దాకా తెలియలేదు. కస్టమర్ కేర్‌కు రాస్తే ‘నిబంధనల ప్రకారమే ముద్రించాం’ అని జవాబు వచ్చింది. అది నిజమే కావచ్చు. ఒక మధుమేహ రోగి ఇంట్లో ఆ ముందువైపు అక్షరాలకు ఏ అర్థం వస్తుందో వాళ్లకు తెలియదని మాత్రం నేను నమ్మను.

‘చక్కెర కలపలేదు’ అనే మాటకు ఇంకో రూపం ఖర్జూరం బార్లు. ఎండు ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరే. ఎవరూ ‘కలపలేదు’ కాబట్టి మాట నిలబడుతుంది. అందుకే నేను ఇప్పుడు ‘అదనపు చక్కెర’ అంకె పక్కనే ఉన్న ‘మొత్తం చక్కెర’ అంకెనూ చూస్తాను. పిండిపదార్థాల్లోంచి చక్కెర, పీచు తీసేసి మిగిలింది ఎక్కువగా ఉంటే ఆ మిగిలిందెక్కడిదో జాబితాలో వెతుకుతాను. మాంసకృత్తులు పాల నుంచో సోయా నుంచో వస్తే సరే. జాబితాలో కొల్లాజెన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే మాంసకృత్తి) ముందుంటే పక్కన పెట్టేస్తాను, ఒంటికి తప్పనిసరైన అమైనో ఆమ్లాల్లో ఒకటైన ట్రిప్టోఫాన్ అందులో ఉండదు.

ఆ పాత బార్ మెత్తగా ఉంటుందని జిమ్‌లో నేను గొప్పగా చెప్పిన మాట కూడా కొత్త సరుకుకే వర్తిస్తుంది. నాలుగు నెలలు దాటిన బార్ పళ్లకు పని పెడుతుంది. మే నెలలో స్కూటర్ డిక్కీలో పెడితే పై పూత కాగితానికే అంటుకుపోతుంది.

ఇప్పుడు వాడేది 12 గ్రాముల మాంసకృత్తులు, 6 గ్రాముల చక్కెర ఉన్న బాదం బార్. పాతదాని కంటే మాంసకృత్తులు తక్కువ, చక్కెర ఎక్కువ, కడుపు మాత్రం ప్రశాంతం. అదీ వారానికి రెండే, ఆడిట్ ఉన్న రోజుల్లో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు. 58 కిలోల నాకు అది 48 గ్రాములు. బరువులెత్తుతాను కాబట్టి ఇంకొంచెం ఎక్కువ తీసుకుంటాను. మూడు గుడ్లు తింటే సుమారు 18 గ్రాములు, బార్ ధరలో నాలుగో వంతుకే వస్తాయి. గుడ్లు తినని వారికి, రోజంతా ప్రయాణాల్లో ఉండేవారికి నా లెక్క కుదరకపోవచ్చు. మాల్టిటాల్ పడే కడుపులూ ఉన్నాయి, మా జిమ్‌లోనే ఇద్దరు ఆ పాత బార్‌ను రోజూ హాయిగా తింటున్నారు. కొత్తగా కొనేవారు మాత్రం మొదట సగం తిని, ఇంట్లో ఉన్న రోజునే చూసుకోవడం మంచిది.

అమ్మ టీతో పాటు ఇప్పుడు గుప్పెడు పుట్నాలు తింటోంది. డబ్బా మీద ఏమీ రాసి లేదు.