మూడేళ్లు వాడాక: ఛార్జర్ మంచిదే, కానీ అసలు రోగాన్ని దాచేసింది

ఆఫీసు ఇంటికే వచ్చేశాక మా కారు వారంలో ఐదు రోజులు బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే. మూడేళ్ల కిందట ఉగాదికి అనంతపురం బయల్దేరుదామని తెల్లవారుజామున తాళం తిప్పితే టకటకమని ఊరుకుంది. పక్క ఫ్లాటాయన్ని నిద్రలేపి జంపర్ కేబుల్ వేయించుకుని, పండగయ్యాక కారు బ్యాటరీకి 4 ఆంపియర్ల స్మార్ట్ ఛార్జర్ కొన్నాను.

పని బాగానే చేస్తుంది. 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక తనే 13.6కి దిగి కూర్చుంటుంది, రాత్రంతా వదిలేసినా టెన్షన్ లేదు. చిరాకల్లా కరెంటు పోయి వస్తే మళ్లీ మోడ్ బటన్ నొక్కాలి. మా సెల్లార్‌లో ఇది రోజువారీ తంతు. ప్లగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌తో పడ్డ పాట్లు చెప్పుకుంటే అదో భారతం.

పది నెలలు దాన్ని అందరి దగ్గరా మెచ్చుకున్నాను. సంక్రాంతికి రైల్లో ఊరెళ్లి ఐదు రోజులకి వచ్చేసరికి బ్యాటరీ 11.6 వోల్టులకి పడిపోయి ఉంది! షాపతను "పోయింది సార్, మార్చేయండి" అన్నాడు. రెండేళ్లు కూడా నిండని బ్యాటరీ! మనసొప్పలేదు.

ఆగి ఉన్న కారులో ఏదో కరెంటు తాగేస్తోందేమో చూద్దామని, ఛార్జర్‌తో నింపి, ఎస్పీ రోడ్డులో మల్టీమీటర్ (వోల్టులూ కరెంటూ కొలిచే మీటర్) కొన్నాను. నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాను. డోర్ తెరిచే ఉంచి, లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు కారుని నమ్మించాను. లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట ఆగాలి, ఆలోగా చూసే అంకె లెక్కలోకి రాదు. ఆ మీటర్ ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది.

అరగంటయ్యాక 0.38 ఆంపియర్లు. మామూలుగా 0.05 లోపు ఉండాలి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఎనిమిదో దానికి అంకె గభాలున 0.03కి పడింది. డాష్‌క్యామ్, అంటే ముందు అద్దం దగ్గర రోడ్డుని రికార్డు చేసే కెమెరా! పార్కింగ్‌లోనూ రికార్డు చేయాలని, బిగించినతను ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకి తగిలించాడు. ఛార్జర్ కొనడానికి నెల ముందే అది పెట్టించానన్న సంగతి అప్పుడు గానీ వెలగలేదు. రోజుకి 8 ఆంపియర్-అవర్లు తాగేస్తుంటే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఐదు రోజులు ఎలా ఆగుతుంది? అది తాగుతుంటే నేను పోస్తూ వచ్చాను.

వైరుని తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకి మార్పించాను. ఇప్పుడు ఛార్జర్ నెలకోసారి బయటికి వస్తుంది. మార్చేయమన్న ఆ బ్యాటరీయే ఇంకా నడుస్తోంది, మొన్న కొలిస్తే 12.5 వోల్టులు.