ఎర్ల్ క్యాంప్‌బెల్లా, రికీ విలియమ్సా?

టెక్సాస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ లాంగ్‌హార్న్స్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాళ్లు, అంటే రన్నింగ్ బ్యాక్స్‌లో ఎవరు గొప్పంటే చివరికి ఈ ఇద్దరి దగ్గరే ఆగుతాం. నంబర్లే చూస్తే రికీదే పైచేయి, నాలుగేళ్లలో పరుగెత్తింది 6,279 గజాలు, ఎర్ల్‌వి 4,443. 1998లో టెక్సాస్ ఎ అండ్ ఎం టీమ్ మీద రికీ 60 గజాల టచ్‌డౌన్ కొట్టాడు చూడండి, చివర్లో మీద పడ్డ డిఫెండర్‌ని కూడా ఈడ్చుకుంటూ ఎండ్ జోన్‌లోకి (పాయింట్లొచ్చే గీత అవతలి చోటు) దూరాడు, ఆ ఒక్క రన్‌తో కాలేజ్ ఫుట్‌బాల్‌లో టోనీ డోర్సెట్ పేరిట ఉన్న కెరీర్ పరుగు గజాల రికార్డు గల్లంతు!

అయినా నా ఓటు ఎర్ల్‌కే. టైలర్ ఊరి కుర్రాడు, 1977లో 1,744 గజాలు, టెక్సాస్‌కి మొట్టమొదటి హైస్‌మన్ (ఏటా ఉత్తమ కాలేజ్ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే ట్రోఫీ) తెచ్చింది ఆయనే, పైగా ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో టీమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. రికీని పట్టుకోవడం కష్టం, కానీ ఎర్ల్‌కి అసలు ఎదురెళ్లాలంటేనే గుండె కావాలి.