మొగిలి కనుమ మీదుగా ఒక గీత: 1792 నాటి యుద్ధకాలపు పటం కొన్న అనుభవం

బెంగళూరు కంటోన్మెంటు ప్రాంతంలో పాత పటాలు, అచ్చుచిత్రాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో గత నెల నేనొక పటం కొన్నాను. మైసూరు పాలకుడు టిపూ సుల్తాన్‌తో జరిగిన మూడవ మైసూరు యుద్ధంలో ఆంగ్ల సేనలు నడిచిన దారులను చూపే పటమిది. 1790, 1791 సంవత్సరాల దండయాత్రలను వివరిస్తూ మేజర్ జేమ్స్ రెన్నెల్ 1792లో లండన్‌లో వెలువరించిన పుస్తకానికి అనుబంధంగా అచ్చయింది. ధర 42,000 రూపాయలు. అంత సొమ్ము పెట్టే ముందు ఇలాంటిది కొన్నవారి మాట ఒకటైనా తెలుగులో చదవాలని ఎంతో వెతికాను, దొరకలేదు, అందుకే రాస్తున్నాను.

దుకాణదారు తొందరపెట్టలేదు. పటాన్ని తొడుగులోంచి తీసి, కిటికీ పక్కన బల్లమీద పరిచి, చేతికి భూతద్దం ఇచ్చారు. ఆ కాలంలో రాగిరేకుపై చెక్కి, సిరా నింపి, తడిపిన కాగితాన్ని దానిమీద ఉంచి గట్టిగా ఒత్తేవారు కాబట్టి, బొమ్మ చుట్టూ రేకు అంచు దిగబడిన గాడి కనిపించాలి. వేలితో నిమిరితే ఆ గాడి స్పష్టంగా తగిలింది. ఇప్పటి నకళ్ళలో అక్షరాలు భూతద్దం కింద చుక్కలుగా విడిపోతాయి. ఇందులో ప్రతి గీతా నిండు నలుపుతో, కాగితంపై సన్నగా ఉబ్బి ఉంది. పుస్తకంలో మడిచి పెట్టినది కనుక మడతల జాడలు తప్పవు. ఒక మడత చీలితే వెనుక నుంచి పలుచని కాగితంతో అతికిన సంగతిని నేను గమనించక ముందే ఆయన చూపించి, బిల్లుమీద కూడా రాసి ఇచ్చారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మాది చిత్తూరు. పండుగకు ఊరెళ్ళినప్పుడల్లా హొసకోట, కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతాం. 1791 ఫిబ్రవరిలో ఆంగ్ల గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ వేలూరులో సేనను కూడగట్టి, ఆంబూరు వైపు వెళుతున్నట్టు టిపూ సుల్తాన్‌ను నమ్మించి, చటుక్కున ఉత్తరానికి మళ్ళి ఎక్కింది ఆ మొగిలి కనుమనే. అక్కడి నుంచి మేము వచ్చే దారి వెంటే బెంగళూరు చేరి, మార్చి 7న పేటను, 21వ తేదీ రాత్రి కోటను పట్టుకున్నాడు. కె.ఆర్. మార్కెట్ పక్కన మిగిలిన కోటగోడకు ఉన్న, దాడి జరిగిన చోటును తెలిపే రాతిపలకను మా పిల్లలకు ఎన్నోసార్లు చూపించాను. కానీ చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని మొగిలీశ్వరుని గుడికి వెళ్ళిన ఆ కొండదారిని వెంట్రుక మందాన ఒక సేన నడిచిన గీతగా చూసినప్పుడు, భూతద్దాన్ని చాలాసేపు అక్కడి నుంచి కదపలేకపోయాను.

అయితే కొనేవారు ముందే తెలుసుకోవలసిన లోపం ఒకటుంది. సేన నడిచిన దారి వెంట ఊళ్ళు, కొండలు, వాగులు ఒత్తుగా ఉంటాయి. దారికి దూరమైన కొద్దీ పటం ఖాళీ అవుతుంది. రెన్నెల్ 1777లోనే భారతదేశం విడిచి వెళ్ళాడు; కారన్‌వాలిస్ పంపిన పత్రాల ఆధారంగా లండన్‌లో కూర్చుని దీన్ని కూర్చాడు. యుద్ధం మధ్యలో సేనతోపాటు నడుస్తూ కొలిచేవారికి దారికి అటూ ఇటూ తిరిగే వీలు ఎక్కడిది? కాబట్టి తమ ఊరిపేరు వెతకడానికి కొనేవారు నిరాశపడవచ్చు. రహదారుల మీది పాత ఊళ్ళవారికి మాత్రం ఇది పెన్నిధి. పేర్లు ఆంగ్లేయుల చెవికి తోచినట్టు రాసినవే గనుక, పైకి చదువుకుంటేనే మన ఊళ్ళు పట్టుబడతాయి.

చట్రం విషయంలో నాకు చేదు అనుభవం ఎదురైంది. నేను మొదట ఇచ్చిన చోట, వద్దని చెప్పినా, పటం వెనుక జిగురు టేపు అంటించారు. దాన్ని విడిపించేటప్పుడు పై అంచున కాగితం పొర లేచిపోయింది. రెండు వందల ఏళ్ళకు పైగా నిలిచిన చేతితయారీ కాగితం ఒక్క పూట నిర్లక్ష్యానికి బలికావడం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత వేరొకచోట ఆమ్లం లేని అట్టమీద, జపాన్ కాగితపు పట్టీలను గోధుమ గంజితో అతికించి, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేయించాను. 7,500 రూపాయలు అయింది. అది అక్కరకు వచ్చిన ఖర్చే.

పిల్లలు అమెరికాలో ఉన్నవారికి ఒక మాట. నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువులను 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వ్యక్తులు దేశం దాటించడం నేరం. కాబట్టి అక్కడి గోడకు కానుకగా పంపాలన్న ఆలోచనతో దీన్ని కొనకండి. ఇక్కడే ఉంచుకునేవారికి, ఆ దుకాణం అడిగిన ధర న్యాయమైనదేనని నా అభిప్రాయం.