పనస కర్ర ఎలక్ట్రిక్ గిటార్: మూడో యజమాని మాట

నా గిటార్ తల మీద ఏ కంపెనీ పేరూ లేదు. విశాఖపట్నంలో గిటార్లు బాగుచేసే ఒక పనివాడు ఒకరి కోసం ప్రత్యేకంగా చేసిన ఎలక్ట్రిక్ గిటార్ ఇది. నాకంటే ముందు ఇద్దరు దీన్ని వాడారు. ఏళ్ల తరబడి వాయించాక చెబుతున్నాను: ఇలాంటిది కొత్తగా చేయించుకోమంటే చేయించుకోను, వాడినది దొరికితే మాత్రం మళ్లీ కొంటాను. రెండు మాటలకూ పొంతన లేదనిపించవచ్చు. గిటార్ సంగతి పూర్తిగా వింటే అలా అనిపించదు.

దీన్ని చేయించుకున్నాయన ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మీద చేయి తిరిగినవారు. ఆ గిటార్ల నెక్, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం, తల దగ్గర తీగలు ఆనే చోట, సుమారు 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దుకాణాల్లో దొరికే ఎలక్ట్రిక్ గిటార్లలో అది సాధారణంగా 42, 43 మిల్లీమీటర్లే. ఆయన వేళ్లకు అవి ఇరుకయ్యాయి, అందుకని 46 పెట్టించారు. తీగ పొడవు 628 మిల్లీమీటర్లు. 648 ఉండే గిటార్లతో పోలిస్తే, అదే మందం తీగ అదే శ్రుతిలో కాస్త వదులుగా ఉంటుంది, పక్కకు లాగడం తేలిక. నెక్ మీద అడ్డంగా బిగించే లోహపు కమ్మీలను ఫ్రెట్లు అంటారు. పన్నెండో ఫ్రెట్ నుంచి పైకి, ఫ్రెట్‌కూ ఫ్రెట్‌కూ మధ్య కర్రను గుంటలుగా చెక్కించారు. జాజ్ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, మన సంగీతకారులతో కలిసి నడిపిన శక్తి బృందంలో వాయించిన గిటార్‌కు ఇలాంటి గుంటలు ఉండేవి. ఈయనకు ఆ పిచ్చి అక్కడే పట్టుకుంది.

గుంటల వల్ల ప్రయోజనం ఉందా అంటే, ఉంది, కానీ అందరికీ కాదు. తోడి రాగంలో గాంధారాన్ని ఊపాలంటే గిటార్ మీద తీగను పక్కకు లాగాలి, లేదా వేలిని జార్చాలి. గుంట ఉన్నచోట వేలి కొనకు కర్ర తగలదు, తీగ మాత్రమే తగులుతుంది. ఆ రాపిడి పోవడంతో లాగిన తీగ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. అదే చోట ఒక కార్డు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, పట్టుకుని, అలవాటు కొద్దీ గట్టిగా నొక్కితే మాత్రం తీగలు గుంటలోకి దిగి శ్రుతి పైకి పోతుంది. మెత్తని చేయి కావాలి. నాకు ఆ చేయి రావడానికి చాలా కాలం పట్టింది, ఇప్పుడు మామూలు గిటార్ పట్టుకుంటే పై ఫ్రెట్ల దగ్గర వేళ్లు నేలకు రాసుకుంటున్నట్టు ఉంటుంది.

శరీరం పనస కర్ర. బొబ్బిలి, నూజివీడు వీణలు పనసతోనే చేస్తారు కదా, గిటార్‌కు ఎందుకు పనికిరాదని ఆయన వాదన. వాదన బాగుంది కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. వీణ కుండను లోపల తొలిచి పలచగా చేస్తారు, నాదం ఆ కర్ర కంపించడం వల్ల పుడుతుంది. ఇది గట్టి దిమ్మ. ఇక్కడ అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టిన పికప్, ఉక్కు తీగల కదలికను విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపుతుంది. పనస వల్లే ఈ నాదం వచ్చిందని ఎవరైనా అంటే చిరునవ్వుతో ఊరుకుంటాను. పనసను మెచ్చుకోవాల్సింది దాని రంగుకు. కోసినప్పుడు పసుపుగా ఉండే ఈ కర్ర వెలుతురు తగిలేకొద్దీ ముదురుతుంది. ఈ గిటార్ ఇప్పుడు బాగా కాగిన బెల్లం రంగులో ఉంది. పికప్ చుట్టూ ఉన్న నల్లటి ప్లాస్టిక్ చట్రం విప్పితే, దాని కింద దీర్ఘచతురస్రంగా పాత పసుపు ఇంకా కనిపిస్తుంది. ఆ పసుపు మీద చేసినవాడు పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు కూడా చెరగలేదు.

బరువు మాత్రం తమాషా కాదు. నాలుగు కిలోలు దాటుతుంది. గంటసేపు నిలబడి వాయిస్తే ఎడమ భుజం గుర్తుచేస్తుంది.

రెండో యజమాని విజయవాడలో లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో వాయించేవారు. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు. ఆయన అవసరాలు పూర్తిగా వేరు. “స్టేజి మీద వినపడని గిటార్ ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం తమ్ముడూ” అన్నారు నాతో. అందుకని, శరీరం మీద తీగల రెండో కొన ఆనే బ్రిడ్జి దగ్గరి పికప్ తీసేసి, ఎక్కువ చుట్లున్న గట్టి పికప్ వేయించారు. నేను మల్టీమీటర్ పెట్టి చూస్తే దాని నిరోధం 14 కిలో ఓమ్‌లు దాటింది, నెక్ దగ్గరిది 8లోపే. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చితే గదిలో ఎవరో అరిచినట్టు ఉండేది.

అంతటితో ఆగలేదు. ఈ గిటార్‌కు ఉన్నవి హంబకర్ పికప్‌లు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955 ప్రాంతంలో రూపొందించిన రకం. రెండు చుట్టలు ఎదురెదురుగా పనిచేసి, కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోతను రద్దు చేసుకుంటాయి. ఆయన ఒక చుట్టను ఆపేసే చిన్న స్విచ్ పెట్టించారు, పాత సినిమా పాటలకు సన్నటి నాదం రావాలని. నాదం సన్నగానే వచ్చింది, రద్దయిన మోత కూడా తిరిగి వచ్చింది. సీరియల్ లైట్లు వెలిగే కల్యాణ మండపంలో ఆ స్విచ్ వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా దానికోసం పనస ముఖం మీద రంధ్రం వేశారు. ఇప్పుడు అందులో నల్లటి బిరడా ఉంది.

ఆయన్ని తప్పుపట్టను. ఎర్తింగ్ లేని స్టేజీల మీద మైకుకు పెదవి తగిలితే షాకు కొట్టే వృత్తి అది. టెస్టర్ జేబులో లేకుండా వేదిక ఎక్కేవారు కాదట. ఆ వేదికల చెమటంతా బ్రిడ్జి మీద కనిపిస్తుంది: నికెల్ పూత పొక్కి లేచింది, రెండు మరలు తుప్పుతో బిగిసి తిరగడం మానేశాయి. బ్రిడ్జి మార్చేశాను. తీసేసిన పాత పికప్‌ను మాత్రం ఆయన గుడ్డలో చుట్టి కేసు అరలో దాచి, గిటార్‌తో పాటే ఇచ్చారు. దాన్ని తిరిగి బిగించాక రెండు పికప్‌లకూ సఖ్యత కుదిరింది. ఇంత నిజాయితీ గల అమ్మకందారు దొరకడం అదృష్టమే.

ఇద్దరి చేతులూ ఫ్రెట్ల మీద విడివిడిగా తెలుస్తాయి. మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల కింద సన్నని గాళ్లు ఉండేవి, అవి ఆర్కెస్ట్రా కార్డులు. పన్నెండు నుంచి పదిహేను వరకు గాళ్లు లేవు, లోహం నున్నగా, చదునుగా అరిగింది. అది తీగను అడ్డంగా లాగిన చేయి. నేను అన్నింటినీ ఆకురాయితో సమం చేయించాను. హైదరాబాద్ తెచ్చిన మొదటి వేసవిలో ఫ్రెట్ల చివర్లు నెక్ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గుచ్చుకున్నాయి. సముద్రపు తేమలో పెరిగిన కర్ర ఇక్కడి పొడి గాలికి కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు. చివర్లు రాయించాక మళ్లీ ఆ బాధ లేదు.

చేసినవాడి లోపం ఒకటుంది, అది పోయేది కాదు. నెక్‌ను శరీరానికి జిగురుతో అతికించారు, అతికించిన కోణం కాస్త తక్కువైంది. బ్రిడ్జిని అడుగంటా దించినా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2 మిల్లీమీటర్ల కంటే తగ్గదు. మరలతో బిగించే నెక్ అయితే కింద పలచని రేకు పెట్టి సరిచేసేవాళ్లం. వేగంగా వాయించేవారికి ఇది చికాకు. నాకు అంత ఇబ్బంది లేదు, కాస్త ఎత్తున్న తీగ లాగేటప్పుడు వేలికి బాగా చిక్కుతుంది.

ఇక ధర. మొదటాయన చేయించినదాంట్లో సగం కూడా నేను పెట్టలేదు. ఒకరి వేళ్లకు కొలిచి చేసిన వస్తువును ఇంకొకరు తక్కువకే అడుగుతారు, తల మీద పేరు లేకపోతే మరీ. వాయించినవారి పేరు పెద్దదైతే లెక్క తలకిందులవుతుంది. అమెరికాలో డగ్ ఇర్విన్ అనే పనివాడు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందపు గిటారిస్ట్ జెర్రీ గార్సియా కోసం చేసిన గిటార్లు వుల్ఫ్, టైగర్. గార్సియా వాటిని ఇర్విన్‌కే చెందాలని వీలునామా రాసి 1995లో చనిపోతే, బృందం ఒప్పుకోక వివాదం నడిచింది. చివరికి ఆ రెండూ ఇర్విన్‌కు దక్కాయి. 2002 వేలంలో టైగర్ 9,57,500 డాలర్లు పలికింది, వుల్ఫ్ 7,89,500. ఆ వుల్ఫే 2017లో 19 లక్షల డాలర్లకు మళ్లీ చేతులు మారింది. టైగర్ బరువు ఆరు కిలోలట. నా భుజం ఆ మాట విని కొంత ఊరట చెందింది.

వాడిన కస్టమ్ గిటార్ చూడటానికి వెళ్తే మెరుగు, పికప్‌లు తర్వాత చూడండి. అవి మార్చుకోవచ్చు. ముందు నెక్ పట్టుకుని అరగంట వాయించండి. వెడల్పు, వంపు, శరీరంతో కలిసిన కోణం, ఇవి మీ చేతికి నచ్చకపోతే ఎంత చవకైనా వదిలేయండి. కొత్తగా చేయించుకునేవారికి ఆ అరగంట ఉండదు, డబ్బు ముందు ఇచ్చి చేతికి వచ్చాక తెలుసుకోవాలి. నేను చేయించుకోననేది అందుకే.

ఈ మధ్య మొదటి యజమాని ఫోన్ చేశారు. వాళ్లమ్మాయి గిటార్ నేర్చుకుంటోందట. “తిరిగి ఇచ్చేస్తావా బాబూ, నువ్వు పెట్టిన ధరకు రెట్టింపు ఇస్తాను” అన్నారు. ఇవ్వలేనండీ అన్నాను. బదులుగా నెక్ వెడల్పు, మందం, గుంటల లోతు అన్నీ కొలిచి కాగితం మీద గీసి పంపాను. అదే పనివాడు మళ్లీ పనసతోనే ఇంకొకటి చేస్తున్నారు. నెక్ కోణం పక్కన మాత్రం నా కొలత కొట్టేసి, ఎర్ర సిరాతో వేరే అంకె వేశాను.